రెండే చేపలు

పక్క పోర్షన్ కదిర్ వాళ్లు తిరునెల్వేలి వెళుతూ
నా చేతికిచ్చింది రెండే చేపల్ని.
"రెండే అక్కా, పూటకో చిటికెడు చాలు" అన్నాడు,
తొమ్మిదేళ్లవాడు,
ఇనప్పెట్టె తాళాలు అప్పజెప్పే పెద్దమనిషిలా.

నాలుగోనాడు పొద్దున పాలప్యాకెట్ కత్తిరిస్తూ చూశాను.
గాజుపెట్టె మూల, నాచులో,
రెండు కళ్లూ ఒక దారప్పోగూ.
ఇంకో రెండు కళ్లు. ఇంకో పోగు.
ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న కళ్లు నావి.
ఏ పుస్తకంలోంచో కామాలన్నీ దులిపి
ఎవరో ఈ నీళ్లలో పోశారనుకున్నాను.

ముప్ఫై ఒకటి.
మళ్లీ లెక్కపెడితే ముప్ఫై.
పొట్ట జారిన తల్లి నింపాదిగా అటు తిరిగింది,
నోరు తెరిచింది,
మూసింది.
నీళ్లు కూడా కదల్లేదు.

ఆవకాయ సీసా మూడుసార్లు తోమినా నూనె వాసన పోలేదు.
హార్లిక్స్ సీసా దొరికింది.
టీ వడగట్టే జల్లెడతో ఒక్కొక్కటే ఎత్తుతుంటే
నా చెయ్యి నాకే పెద్దదిగా, మొరటుగా కనిపించింది.
ఇరవై ఏడు చిక్కాయి. మిగతావాటి సంగతి
నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆఫీసుకి సెలవు పెట్టి కొళత్తూరు చేపల వీధికి వెళ్లాను.
కొట్టు తంగరాజ్ వచ్చీరాని తెలుగులో అన్నాడు:
"గుడ్డు పచ్చ, గుడ్డలో పిండు. తల్లిని నమ్మొద్దు."

మా ఇంట గుడ్డు గడప దాటింది అదే మొదలు.
పేపర్లో చుట్టించుకుని, సంచి అడుగున, పైన తోటకూర.
ఉడికిన పచ్చసొన పాత వాయిల్ చీర ముక్కలో మూటగట్టి
నీళ్లలో ఆడిస్తే
పసుప్పచ్చటి పొగ.
ఆ పొగలోకి ఇరవై ఏడు ఆకళ్లు
దూసుకొచ్చాయి.

మెట్రోవాటర్ లారీ వచ్చిన రోజు
తొందరపడి తాజానీళ్లు మార్చాను.
బిందెలో ఒక రాత్రి నిలవుంచాలి, మందు వాసన పోవాలి.
తెలుసు. తెలిసే చేశాను.
సాయంత్రానికి ఏడు, పక్కకి ఒరిగి.
పుస్తకంలో అయితే చివర తప్పొప్పుల పట్టిక వేస్తాం.
దీనికి ఎక్కడ వెయ్యను?

ఎనిమిదో రాత్రి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
పంపు ఆగింది. పెద్దచేపలు రెండూ
పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి.
సెల్‌ఫోన్ వెలుగులో స్టీలు గరిటెతో
నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నాను, మూడింటిదాకా.
పిల్లల్ని తిన్నదానికీ గాలి కావాలి.
మధ్యలో ఒకసారి దాన్ని తిట్టాను కూడా,
ఆడవాళ్లం ఆడవాళ్లని తిట్టే మాటతోనే.
గరిటె మాత్రం ఆపలేదు.

ఆదివారం కదిర్ వచ్చాడు, చేతిలో హల్వా పొట్లం జిడ్డోడుతూ.
"ఇరవై" అన్నాను, సీసా చూపిస్తూ.
"ఇంకా ఉండేవి. నీళ్లు పడలేదు, నాదే పొరపాటు."
సగం నిజం.
మిగతా సగం వాడి మొహం చూసి మింగేశాను.

వాడు నవ్వేశాడు.
"అమ్మచేప తినేస్తుందక్కా! పోయినసారి ఒక్కటి మిగల్లేదు."
"మరి నాకు చెప్పలేదేం?"
"మీరు బాధపడతారని చెప్పొద్దంది, మా అమ్మ."

పంతొమ్మిదింటిని తీసుకెళ్లాడు.
ఒకదాని వెన్ను వంకర. "దీన్ని కొట్టువాడు కూడా తీసుకోడు,
మీరే ఉంచుకోండి" అని
సీసా నా వైపు జరిపాడు.

ఇప్పుడది బల్లమీద, ప్రూఫుల కట్ట పక్కన.
ఎర్రసిరా పెన్ను మూత తీస్తే చాలు,
ఆ చప్పుడుకి
పక్కవాటుగా ఈదుకుంటూ గాజు దగ్గరకొస్తుంది.
నా మీద ప్రేమేం కాదు,
తిండనుకుని.

కింద కొట్లో ఇవాళ గుడ్డు ఏడు రూపాయలు.
కొట్టతను అలవాటుగా పేపర్ చించబోతే
చుట్టొద్దన్నాను.